బోటు సూపర్‌చార్జర్‌ని మన సీమ ఎండలో, దుమ్ములో కాపాడుకోవడం ఎలా

సూపర్‌చార్జర్, అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం, ఉన్న బోటు గానీ జెట్ స్కీ గానీ రాయలసీమలో పెట్టుకున్నవాళ్ళు ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ మాన్యువల్ రాసినవాళ్ళ భయాలు సముద్రపు ఉప్పు, చలికాలంలో గడ్డకట్టే నీళ్ళు. మన దగ్గర ఆ రెండూ లేవు. మనకున్నవి ఎర్ర దుమ్ము, 40 డిగ్రీలు దాటే ఎండ, బోరు నీళ్ళలో ఉప్పు. వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం బండి నెలల తరబడి కదలకుండా నిలబడిపోవడం.

శ్రీశైలం వెనక జలాలు కర్నూలు వైపు నిండేది పైనుంచి కృష్ణ, తుంగభద్ర వరద వచ్చినప్పుడే. నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందంటే బోటు షెడ్డెక్కినట్టే. గండికోట, మైలవరం, అవుకు, పార్నపల్లి దగ్గరి చిత్రావతి రిజర్వాయరు, ఎక్కడైనా నీళ్ళ రాకపోకల మీదే మన సీజన్ ఆధారపడి ఉంటుంది. అందుకే మన బండ్ల అవర్ మీటర్‌లో గంటలు చాలా తక్కువ కనిపిస్తాయి. ఓనరు ఆ అంకె చూసి 'ఇంకా కొత్తదే కదా, ఇప్పుడే సర్వీస్ ఎందుకు' అనుకుంటాడు. ఆ తక్కువ గంటల బండే సీజన్ మొదటి వారంలో నీళ్ళ మధ్యలో ఆగిపోతుంది. సూపర్‌చార్జర్ విషయంలో గంటల కన్నా క్యాలెండర్‌ని నమ్మండి. నీళ్ళు లేని నెలల్లోనే పని పెట్టుకోండి, ఆగస్టులో నీళ్ళొచ్చాక పార్సిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

మీ ఇంజన్ మీద ఉన్నది ఏ రకం

ఇది తెలియకుండా ఆయిల్ డబ్బా కూడా కొనకూడదు. రూట్స్ రకంలో రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా తిరుగుతూ గాలిని ఇంజన్లోకి తోస్తాయి. పెద్ద వీ8 బోట్లలో ఇంజన్ నెత్తిన పెట్టెలాగా కూర్చునేది ఇదే. 6-71 అనే పేరు విని ఉంటారు, అది జనరల్ మోటార్స్ వాళ్ళ టూ-స్ట్రోక్ డీజిల్ నుంచి వచ్చింది, 6 అంటే ఆరు సిలిండర్లు, 71 అంటే ఒక్కో సిలిండర్ 71 క్యూబిక్ అంగుళాలు. కవాసకి అల్ట్రా జెట్ స్కీల మీద ఉండే ఈటన్ యూనిట్ కూడా ఈ కుటుంబందే. రెండోది ట్విన్ స్క్రూ, విప్పుల్ లాంటివి. ఇందులో గాలి లోపలే నలిగి ఒత్తిడి పెరుగుతుంది. మూడోది సెంట్రిఫ్యూగల్, అంటే టర్బోలో ఉండే లాంటి ఇంపెల్లరే (రెక్కల చక్రం), కాకపోతే పొగతో కాకుండా బెల్టుతోనో గేరుతోనో తిరుగుతుంది. ప్రోచార్జర్, వోర్టెక్ ఈ రకం. సీ-డూ, యమహా జెట్ స్కీల్లో ఉండేది కూడా ఇదే, ఇంజన్‌కి గేరుతో కలిపి ఉంటుంది.

మన జిల్లాల్లో టర్బో పని, బోరు బండ్ల కంప్రెసర్ పని బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేతి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక తేడా వాళ్ళకి ముందే చెప్పాలి. బోరు బండి స్క్రూ కంప్రెసర్‌లో రోటర్లు ఆయిల్‌లో తడిసి తిరుగుతాయి. బోటు సూపర్‌చార్జర్‌లో రోటర్లు పొడిగా తిరగాలి, ఆయిల్ గేర్లకీ బేరింగులకీ మాత్రమే. అలవాటు కొద్దీ రోటర్ల మీద ఆయిల్ పోస్తే అది నేరుగా సిలిండర్లోకి పోయి మండుతుంది, నాకింగ్, అంటే వేళ కాని వేళ మండి ఇంజన్ కొట్టుకోవడం, మొదలవుతుంది. అలాగే టర్బోలో స్లిప్ క్లచ్ (బలం మించితే జారే క్లచ్) ఉండదు, సీ-డూలో ఉంటుంది. ఆ క్లచ్ గురించి తెలియనివాళ్ళ చేతికి ఆ యూనిట్ ఇవ్వవద్దు.

పాత సీ-డూ కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి

సెకండ్ హ్యాండ్‌లో గోవా వైపు నుంచో చెన్నై వైపు నుంచో సూపర్‌చార్జ్‌డ్ సీ-డూ తెచ్చుకున్నవాళ్ళు స్టార్ట్ చేసి మురిసిపోయే ముందు అది ఏ సంవత్సరం మోడలో చూడండి. రోటాక్స్ 1503 ఇంజన్‌తో వచ్చిన తొలి సంవత్సరాల సూపర్‌చార్జర్లలో క్లచ్‌కి సిరామిక్ వాషర్లు ఉండేవి. అవి అరిగి పగిలితే ఆ ముక్కలు ఇంజన్ ఆయిల్‌లో కలుస్తాయి, ఎందుకంటే ఈ సూపర్‌చార్జర్ ఇంజన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. ఆ ముక్కలు ఆయిల్ పంపుకి, బేరింగులకి చేరాయంటే సూపర్‌చార్జర్‌తో పోయేది కాదు, ఇంజన్ మొత్తం విప్పాలి. తర్వాత కంపెనీయే మెటల్ వాషర్లకి మారింది. కొన్న బండిలో ఏవి ఉన్నాయో, ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా తెలిస్తే సరే. తెలియకపోతే అమ్మినవాడి మాట పక్కన పెట్టి విప్పించి చూడండి. సిరామిక్ ఉంటే మెటల్ వాషర్ల కిట్ వేయించండి. ఆ ఖర్చు ఇంజన్ ఖర్చు ముందు చాలా చిన్నది.

ఈ యూనిట్లకి పాత మోడళ్ళలో 100 గంటలు లేదా 2 ఏళ్ళు, ఏది ముందైతే అది, అనే లెక్క ఉండేది, తర్వాత వచ్చిన వాటిలో గంటలు పెంచారు. మీ సంవత్సరం మాన్యువల్‌లో ఏముందో అదే పాటించండి. మనవాళ్ళు '100 గంటలు' వరకు చదివి, '2 ఏళ్ళు' అన్నది వదిలేస్తున్నారు. మన వాడకానికి పనికొచ్చేది ఆ రెండో మాటే.

రీబిల్డ్ అంటే బేరింగులు, వాషర్లు, సీళ్ళు, లాక్ వాషర్ అన్నీ కొత్తవి పడాలి. ఆ తర్వాత షాఫ్ట్‌ని పట్టుకుని టార్క్ రెంచ్‌తో క్లచ్ ఎంత బలానికి జారుతుందో కొలవాలి. మరీ తేలిగ్గా జారితే బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) రాదు, అస్సలు జారకపోతే థ్రాటిల్ ఒక్కసారిగా వదిలినప్పుడు, పట్టినప్పుడు ఆ దెబ్బంతా గేరు పళ్ళ మీద పడుతుంది. ఆ ఇంపెల్లర్ ఫుల్ థ్రాటిల్‌లో 40,000 ఆర్‌పీఎం పైన తిరుగుతుంది, కాబట్టి సుత్తి, పైపు రెంచ్‌తో చేసే పని కాదిది. స్పెషల్ టూల్స్ ఉన్న షాపుకి యూనిట్ మాత్రం విప్పి పార్సిల్ పంపడం మేలు. విప్పడం, తిరిగి బిగించడం ఇక్కడి మంచి మెకానిక్ చేయగలడు, ఓ-రింగ్ కొత్తది వేసి, బోల్టులు మాన్యువల్ టార్క్‌కి బిగిస్తే చాలు.

యమహా 1.8 లీటర్ సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్లలో గేరు దగ్గర వన్-వే క్లచ్ (ఒక వైపే పట్టే క్లచ్) ఉంటుంది. అది పోతే ఇంజన్ తిరుగుతుంది కానీ బూస్ట్ ఉండదు, బండి బరువెక్కినట్టు పోతుంది. అది కూడా ఆ పని తెలిసినవాళ్ళకే పంపాలి.

ఆయిల్

సొంత ఆయిల్ ఉన్న యూనిట్లలో, అంటే ఈటన్, విప్పుల్, ప్రోచార్జర్ లాంటి వాటిలో, గేర్ల దగ్గర కొద్దిపాటి ఆయిల్ మాత్రమే ఉంటుంది. కొద్దిగా ఉంది కాబట్టే త్వరగా పాడవుతుంది. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. షెడ్డులో మిగిలిన ఇంజన్ ఆయిల్ గానీ గేర్ ఆయిల్ గానీ పోస్తే నురగ కట్టి, బేరింగులు వేడెక్కి, సీళ్ళు కారతాయి. లెవెల్ చూసేటప్పుడు ఇంజన్ చల్లగా, ఆపేసి ఉండాలి, బోటు సమంగా ఉండాలి. మనవాళ్ళు ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి ఉన్నప్పుడే చూసి, తక్కువుందని ఇంకా పోస్తారు. ఎక్కువ పోయడం తక్కువ ఉండటం కన్నా మంచిదేమీ కాదు, అది సీలు దాటి ఇన్‌టేక్‌లోకి పోతుంది.

పాత ఆయిల్ దించేటప్పుడు తెల్లటి గిన్నెలోకి దించండి. రంగు నల్లబడటం మామూలే. మాడిన వాసన వస్తే వేడెక్కిందని అర్థం. వేళ్ళ మధ్య రుద్దితే మెరిసే సన్న పొడి కొంచెం ఉన్నా ఫర్వాలేదు, రేకు ముక్కల్లాంటివి కనిపిస్తే మాత్రం ఆ యూనిట్ ఇక తిప్పకండి. పాలలాగా తెల్లబడితే నీళ్ళు కలిశాయి. సీజన్ అయిపోగానే ఆయిల్ మార్చి పెట్టండి, సీజన్ మొదట్లో కాదు. పాత ఆయిల్‌లోని తేమ, ఆమ్లం ఆరు నెలలు బేరింగుల మీద కూర్చుంటే అక్కడ తుప్పు చుక్కలు పడతాయి.

సీ-డూ లాంటి వాటికి ఇంజన్ ఆయిలే సూపర్‌చార్జర్ ఆయిల్ కూడా. కార్ల కోసం తయారుచేసిన, జారుడు పెంచే మందులు కలిపిన ఖరీదైన ఆయిల్ వాడితే స్లిప్ క్లచ్ జారిపోతుంది. ఖరీదు ఎక్కువుంటే మంచిదనే లెక్క ఇక్కడ పనిచేయదు, మాన్యువల్‌లో ఉన్న గ్రేడే వాడండి.

బెల్టు

బెల్టుతో నడిచే యూనిట్లలో నేను చూసిన ఫిర్యాదులు సగానికి పైగా బెల్టు దగ్గరే తేలాయి. 'సూపర్‌చార్జర్ పోయింది, బూస్ట్ రావట్లేదు' అని వస్తారు, చూస్తే బెల్టు జారుతుంటుంది.

గీతల బెల్టు అయితే పగుళ్ళ కోసం మాత్రమే చూడకండి. ఇప్పటి బెల్టులు పాత రబ్బరులాగా పగలవు, గీతల లోతు అరిగిపోయి పుల్లీ అడుగుకి తగులుతాయి. బయటికి బాగానే కనిపిస్తుంది, లోడు మీద జారుతుంది. పుల్లీల చుట్టూ నల్లటి పొడి, బెల్టు అంచు పీచులు లేవడం, లోపలి వైపు అద్దంలా మెరవడం, వీటిలో ఏది కనిపించినా మార్చండి. అంచు ఒకవైపే అరుగుతుంటే కొత్త బెల్టు వేసినా లాభం లేదు, పుల్లీలు ఒకే లైన్లో లేవు. తిన్నగా ఉన్న స్టీల్ స్కేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆటో టెన్షనర్ ఉంటే దాని చేతిని కదిపి చూడండి, గరగరమన్నా, తిరిగి నెమ్మదిగా వచ్చినా అది కూడా మార్చాలి.

పళ్ళ బెల్టు, అంటే పెద్ద రూట్స్ బ్లోవర్లకి వచ్చేది, దాని బిగువు విషయంలో అందరూ బాగా లాగి కట్టేస్తారు. చల్లగా ఉన్నప్పుడు కాస్త వదులు ఉండాలి. ఇంజన్ వేడెక్కాక అల్యూమినియం సాగి బెల్టు తనంతట తనే బిగుస్తుంది. చల్లగా ఉన్నప్పుడే వీణ తీగలా బిగిస్తే వేడి మీద ఆ బరువంతా ముందు బేరింగు మీద, క్రాంక్ మూతి మీద పడుతుంది.

బెల్టు అరుస్తోందని బంకుల్లో అమ్మే స్ప్రే కొట్టడం, గ్రీజు రాయడం వద్దు. తాత్కాలికంగా శబ్దం ఆగుతుంది, ఆ జిగురుకి మన దుమ్ము పట్టి ఉప్పు కాగితంలా పుల్లీని అరగదీస్తుంది. పుల్లీలు పొడి గుడ్డతో తుడవండి, అంతే. బోటులో ఒక స్పేర్ బెల్టు, దాన్ని మార్చే స్పానర్ ఎప్పుడూ ఉండాలి. కొత్త బెల్టు మడతపెట్టి ఇరుకులో కుక్కవద్దు, లోపలి దారాలు తెగుతాయి.

గాలి దారి

బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిష్ చేసే చోట బోటు షెడ్డు ఉందంటే అక్కడి తెల్ల పొడి ఎంత సన్నగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అది అన్ని సందుల్లోకి పోతుంది. ఇంజన్ ఆవిరితో వచ్చే ఆయిల్ చెమ్మకి ఈ పొడి కలిస్తే ముద్దలా తయారై రోటర్ల మీద, ఇంపెల్లర్ మీద గట్టిపడుతుంది.

ఇన్‌బోర్డ్, అంటే బోటు లోపలే ఉండే, పెట్రోల్ ఇంజన్ల మీద ఇన్‌టేక్‌కి ఫ్లేమ్ అరెస్టర్ ఉంటుంది. అది ఫిల్టర్‌లాగా కనిపిస్తుంది కానీ దాని అసలు పని వేరు, ఇంజన్ వెనక్కి తన్నితే ఆ మంట బయటికి రాకుండా ఆపడం. బోటు అడుగున పెట్రోల్ ఆవిరి పేరుకుంటుంది, ఆ మంట బయటికొస్తే బోటు తగలబడుతుంది. దాన్ని తీసేసి కారు ఫిల్టర్ పెట్టడం ప్రాణాలతో ఆడటమే. శుభ్రం చేసేటప్పుడు సాల్వెంట్‌తో కడిగి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి.

అది విప్పి ఉన్నప్పుడే టార్చ్ వేసి లోపల చూడండి. బ్యాటరీ తీగ ముందే తీసేయాలి. రోటర్లు ఎక్కడైనా కేసింగ్‌కి రాసుకున్న గీతలు కొత్తగా కనిపిస్తే బేరింగు లూజయింది. రోటర్లు తడిగా, ఆయిల్ అంటుకుని ఉంటే సీలు పోతోంది. ఇంపెల్లర్ రకమైతే రెక్కల అంచులు చూడండి, చిన్న సొట్ట ఉన్నా ఆ స్పీడుకి బ్యాలెన్స్ తప్పుతుంది. షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టి ముందుకూ వెనక్కీ, పక్కలకీ కదిపి చూడండి, తిప్పినప్పుడు గరగర తగలకూడదు. రోటర్ల మధ్య సందు వెంట్రుక మందాన ఉంటుంది, దాన్ని సరిచేసే పని మీరు పెట్టుకోవద్దు.

ప్రెషర్ వాషర్‌తో ఇంజన్ కడిగేవాళ్ళు ఇన్‌టేక్ వైపు నీళ్ళ జెట్ తిప్పకండి. హోస్ క్లాంపులు ఏడాదికోసారి బిగించి చూడండి, ఎండకి రబ్బరు గట్టిపడి సన్నగా గాలి కారుతుంది. సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు చెబుతాయి.

ఇంటర్‌కూలర్, బోరు నీళ్ళు

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, మన వేసవి గాలి లోపలికి పోయేటప్పటికే వేడిగా ఉంటుంది. కాబట్టి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మన దగ్గర ఇంకెక్కడికన్నా ఎక్కువ కష్టపడుతుంది. చాలా బోట్లలో అది రిజర్వాయరు నీళ్ళతోనే చల్లబడుతుంది. కొత్త వరద నీళ్ళు ఎర్రగా, ఒండ్రుతో ఉంటాయి, అవి తేరుకునేదాకా ఫుల్ థ్రాటిల్ జోలికి పోవద్దు. వాడిన ప్రతిసారీ మంచి నీళ్ళతో ఫ్లష్ చేయాలి.

ఇక్కడే అనంతపురం, కడప వైపు ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. ఫ్లష్ చేయమన్నారు కదా అని ఇంటి బోరు నీళ్ళు పెడతారు. బిందెల అడుగున తెల్ల పొర కట్టే నీళ్ళవి. ఆ పొరే వేడి ఇంటర్‌కూలర్ సన్న గొట్టాల్లో కడుతుంది, ఏడాదికేడాది చల్లదనం తగ్గుతుంది. దానికన్నా తేరుకున్న రిజర్వాయరు నీళ్ళే మేలు. కుళాయి నీళ్ళు గానీ వాన నీళ్ళు గానీ డ్రమ్ములో పట్టి పెట్టుకుని చిన్న మోటార్‌తో ఫ్లష్ చేయడం ఇంకా మేలు. ఇప్పటికే పొర కట్టి ఉంటే సిట్రిక్ యాసిడ్ లాంటి పలచటి ద్రావణంతో కొద్దిసేపు తిప్పి, వెంటనే బాగా కడగాలి. బాత్రూమ్ యాసిడ్ పోస్తే అల్యూమినియం తినేస్తుంది. ఆ తర్వాత గాలి ఒత్తిడి పెట్టి లీకు చూడకుండా బిగించవద్దు, ఎందుకంటే ఇంటర్‌కూలర్ లోపల కారితే నీళ్ళు సిలిండర్లోకి పోతాయి, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

జెట్ స్కీ ఫ్లష్ చేసే వరుస మరిచిపోకండి. ముందు ఇంజన్ స్టార్ట్, తర్వాత నీళ్ళు. ముగించేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, తర్వాత ఇంజన్ ఆపాలి. తిరగబడితే నీళ్ళు ఎగ్జాస్ట్ దారిలో వెనక్కి ఇంజన్లోకి చేరతాయి. బయట ఎక్కువసేపు తిప్పవద్దు, ఒకటి రెండు నిమిషాలు చాలు, షాఫ్ట్ సీలు నీళ్ళు లేకుండా వేడెక్కుతుంది.

పెట్రోల్ దగ్గర జరిగే మోసం

మాన్యువల్‌లో 91 ఆక్టేన్ అని ఉంటుంది, మన బంకులో కూడా 91 అని ఎన్నాళ్ళో చూశాం, కాబట్టి సరిపోతుందనుకుంటారు. రెండూ ఒకటి కావు. అమెరికా లెక్క వేరే పద్ధతి, వాళ్ళ 91 మన లెక్కలో దాదాపు 95. సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్‌కి తక్కువ ఆక్టేన్ పోస్తే మన ఎండలో నాకింగ్ వస్తుంది, పిస్టన్ నెత్తి కరుగుతుంది. ప్లగ్గులు తీసి తెల్లటి పింగాణీ మీద నల్ల, వెండి చుక్కలు కనిపిస్తే అది మొదలైందని గుర్తు. ఎక్స్‌పీ95, స్పీడ్ 97 లాంటివి దొరికే బంకు చూసుకోండి.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ నిలవ ఉంటే తేమ పీలుస్తుంది, చివరికి నీళ్ళు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకి దిగిపోతాయి, పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి ఆ పెట్రోల్ బైకుకో కారుకో వాడేయండి.

నిలబెట్టే నెలలు

ఇన్‌టేక్ నోటికి గుడ్డ కుక్కి, దాని కొస ఎర్ర రిబ్బనుతో తాళం చెవికి కట్టండి, స్టార్ట్ చేసేవాడు చూడకుండా పోడు. ఇది చేయకపోతే కందిరీగలు లోపల మట్టి గూళ్ళు కడతాయి, ఎలుకలు ఇన్సులేషన్ లాగి పక్క వేసుకుంటాయి. ఆ మట్టి గూడు పగిలి ఇంపెల్లర్‌లోకి పోతే ఒక్క స్టార్ట్‌తో రెక్కలు పోతాయి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పవద్దు, లోపల ఆవిరి పట్టి తుప్పు వస్తుంది, గాలి ఆడే గుడ్డ కవరు వాడండి. బెల్టు రకాల్లో వదులు చేసి పెట్టండి. నెలకోసారి పుల్లీని చేత్తో ఇంజన్ తిరిగే వైపే కొద్దిగా తిప్పి వేరే చోట ఆపండి, బేరింగు గుండ్లు ఒకే చోట నిలబడకుండా ఉంటాయి.

ఇంకో అలవాటు మానండి. ఊళ్ళో పిల్లలకి శబ్దం వినిపించడానికి ట్రైలర్ మీద రేజ్ చేయడం. లోడు లేకుండా ఇంజన్ ఎగిరి పడుతుంటే క్లచ్, గేరు, వన్-వే బేరింగు అన్నీ దెబ్బతింటాయి. నీళ్ళలో కూడా అలల మీద గాల్లోకి ఎగిరేటప్పుడు థ్రాటిల్ వదలడం అదే కారణానికి.

సీజన్ మొదటి రోజు

గుడ్డ తీసి, లోపల టార్చ్ వేసి, పుల్లీ చేత్తో తిప్పి, ఆయిల్ చూసి, బెల్టు బిగించాకే సెల్ఫ్ కొట్టండి. ఇన్‌బోర్డ్ అయితే ముందు బోటు అడుగున ఉండే బిల్జ్ ఫ్యాన్ నాలుగు నిమిషాలు వేసి పెట్రోల్ ఆవిరి పోగొట్టాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా సగం థ్రాటిల్ దాటవద్దు. తర్వాత ఒకే లోడుతో, తేటగా ఉన్న నీళ్ళలో ఫుల్ థ్రాటిల్‌లో బూస్ట్ ఎంత, ఆర్‌పీఎం ఎంత, గాలి ఎంత వేడిగా ఉందో ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత ఏ రోజు తేడా వచ్చినా పోల్చుకోవడానికి మీ బండి అంకెలే పనికొస్తాయి, పక్కవాడి బండి అంకెలు కాదు.

బూస్ట్ తగ్గితే వరుసగా బెల్టు, హోసులు, బైపాస్ వాల్వ్ (అక్కర్లేని గాలిని పక్కకి వదిలేది) ఇరుక్కోవడం, ఇన్‌టేక్ మూసుకుపోవడం, చివరికి క్లచ్ చూడండి. బూస్ట్ మామూలు కన్నా పెరిగి స్పీడు మాత్రం తగ్గితే గాలి ఇంజన్లోంచి బయటికి పోయే దారిలో ఎక్కడో అడ్డముంది, ఎగ్జాస్ట్ వైపు వెతకండి. ఐడిల్‌లో గలగల శబ్దం వచ్చి కాస్త రేజ్ చేస్తే పోతుంటే కొన్ని యూనిట్లలో అది కప్లింగ్ అరుగుదల, సీజన్ మధ్యలో చూసుకోవచ్చు. థ్రాటిల్‌తో పాటు పెరిగే సన్నని ఊళ శబ్దం, ముందు లేనిది కొత్తగా వస్తే మాత్రం అది బేరింగు. అక్కడే ఆపి ఇంకో బోటుతో లాగించుకు రండి, మీ సొంత ఇంజన్ మీద ఒడ్డుకు చేరాలని చూడకండి.